గుర్తు కాదు, విషయం దాచుకోండి



ఆవకాయ కొలతలు మొదలు పిల్లల కాలేజీ ఫీజుల దాకా ఫోనులో ఏది కనిపించినా "తర్వాత చూద్దాంలే" అని నక్షత్రం గుర్తు నొక్కి బుక్‌మార్కు పెట్టేస్తాం. రెండేళ్ళకు అవి వందల్లో పోగుపడతాయి, పోపుల పెట్టెలో పడేసిన రసీదుల్లాగ. వాటిలో ఎన్ని తెరుచుకుంటున్నాయో ఎప్పుడైనా చూశారా?

బుక్‌మార్కులో ఉండేది చిరునామా ఒక్కటే. ఆ ఇంటివాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోతే మనకు మిగిలేది తాళం వేసిన తలుపు.

చేవెళ్ళ, మొయినాబాద్ వైపు నగలమ్మి కాస్త జాగా కొనుక్కున్న కుటుంబాలు నగరంలో చాలా ఉన్నాయి. వాళ్ళకిది ఊసుపోని కబురు కాదు. సాగుభూమి వివరాలకని 2020 నుంచి అందరూ ధరణి పేజీలే గుర్తు పెట్టుకున్నారు. 2025 ఏప్రిల్లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పాత గుర్తులు పాతబడిపోయాయి.

ఇంకో చిక్కుంది. గండిపేట, హిమాయత్‌సాగర్ నీళ్ళు పాడవకుండా 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెడుతూ 1996లో 111 జీవో వచ్చింది. మొయినాబాద్ పక్క ఊళ్ళు అందులోవే. ఆ హద్దులు సడలిస్తూ 2022లో 69 జీవో వచ్చింది. ఒక పేజీ "ఎత్తేశారు" అంటుంది, ఇంకోటి "ఇంకా ఉంది" అంటుంది. ఏది ఎప్పటిదో తెలియకపోతే బేరగాడి మాటకూ దానికీ తేడా ఏముంది చెప్పండి?

అందుకే నోట్సు రాసుకునే యాప్‌లోకి మార్చుకోమనేది. కంప్యూటర్లో క్రోమ్ తెరిచి, బుక్‌మార్క్ మేనేజర్‌లో పైనున్న మూడు చుక్కలు నొక్కితే 'ఎక్స్‌పోర్ట్' అని ఉంటుంది. గుర్తులన్నీ ఒక ఫైలుగా చేతికొస్తాయి. అయితే దాన్ని ఉన్నదున్నట్టు యాప్‌లో పోసేయకండి, చెత్త ఇల్లు మారుతుందంతే! ఒక్కొక్కటి తెరవండి. పనికొచ్చేదైతే నాలుగు ముక్కలు మీ మాటల్లో రాసి, కింద చిరునామా, చూసిన తేదీ వేయండి. భూమి సంగతైతే సర్వే నంబరు, ఊరు పేరు కూడా చేర్చండి. రోజుకు పది చాలు, కుక్కరు మూడు కూతలు కూసేలోగా అయిపోతాయి.

ఏ యాప్ అంటారా? గూగుల్ కీప్ సులువు. అబ్సిడియన్‌లోనైతే నోట్సు మామూలు ఫైళ్ళుగా మన దగ్గరే ఉంటాయి. నాకు అదే నచ్చింది. ఎందుకంటే పేజీలు దాచిపెట్టే 'పాకెట్' అనే యాప్‌ను మొజిల్లావాళ్ళు 2025 జూలై 8న మూసేశారు. దాచినవి దించుకోవడానికి గడువైతే ఇచ్చారు గాని, ఆ కబురు చెవిన పడనివారి మాటేమిటి? అందుకని నెలకోసారి మీ నోట్సు నకలు పెన్‌డ్రైవులో పెట్టుకోండి.

ఆధార్ నంబరు, బ్యాంకు పాస్‌వర్డులు మాత్రం అందులో రాయవద్దు. పట్టాదారు పాసుపుస్తకం బీరువాలోనే ఉండనివ్వండి. ముందు భూమి కాగితాల గుర్తులు, పిల్లల చదువువి చూసుకోండి. ఆవకాయ సంగతంటారా, మామిడికాయలు వచ్చేదాకా వ్యవధి ఉంది.