చెట్టు ఎవరిది? నూజివీడు మామిడి సీమ చరిత్రలో తేలని తగాదా

ఎవరి స్మృత్యర్థం ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ ఉపాధ్యాయుడు విద్యార్థుల చేత రాజుల వంశావళుల కన్నా పాత శిస్తు రసీదులనే ఎక్కువగా చదివించేవారు. ఆ రసీదుల నుంచి పుట్టిన వాదాన్నే మరోసారి వినిపించడానికి ఉపన్యాసకుడు ఈ గౌరవాన్ని కృతజ్ఞతతో స్వీకరిస్తున్నాడు.

మేకా వంశీయుల నూజివీడు జమీందారీ, 1802 నాటి శాశ్వత శిస్తు నిర్ణయం, ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లిన వారసత్వ వ్యాజ్యాలు, నూజివీడు వీణలు అందరికీ తెలిసినవే. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కృష్ణ నీరు కాలువల వెంట డెల్టాకు పారగా, ఎత్తున ఉన్న ఈ ఎర్రనేలల మెట్ట వానను, చెరువును, బావిని నమ్ముకొని మిగిలిందన్నదీ వివాదం లేని మాటే.

వివాదమంతా మామిడి గురించి. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, కలెక్టరు తోటలు జమీందారుల అభిరుచి ఫలమని స్థానిక చరిత్రలు రాస్తూ వచ్చాయి. దివాణం తోటలో మేలిరకం అంటు నాటడానికి అభిరుచి చాలు. కాని ఊరూరా రైతు మెట్టచేను తోటగా మారాలంటే, కాపు వచ్చేదాకా ఏళ్ల తరబడి ఆగే ఆ రైతుకు చెట్టు తనదేనన్న భరోసా ఉండాలి. ఆ భరోసా 1908 మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టంలో ఉంది. అప్పటికే ఉన్న చెట్ల విషయంలో ఆచారానికీ, రాతపూర్వక ఒప్పందానికీ చోటిచ్చిన 12వ సెక్షను, ఆ తరువాత రైతు నాటిన చెట్లను అనుభవించే, నరుక్కొనే హక్కును ఏ ఆచారమూ ఏ ఒప్పందమూ అడ్డురాకుండా రైతుకే ఇచ్చింది. 13వ సెక్షను రైతు సొంత ఖర్చుతో చేసిన అభివృద్ధి వల్ల దిగుబడి పెరిగినా, పంట మారినా ఎక్కువ శిస్తు అడగరాదంది.

చట్టం కాగితానికే పరిమితమనీ, 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా పెత్తనం దివాణానిదేననీ చెప్పేవారికి సమాధానం ఉంది. అమలు కుంటుపడిన మాట నిజమే. అందుకే రైతు నాయకుడు ఎన్.జి. రంగా నాయకత్వాన జమీందారీ రైతుల ఉద్యమం నడిచింది, అందుకే టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1938 నివేదికలో భూమికి యజమాని రైతేననీ, జమీందారు శిస్తు వసూలుదారు మాత్రమేననీ తేల్చింది. అమలు కోసం రైతు ఇంతగా పోరాడాడంటే ఆ హక్కు విలువ అతనికి తెలుసనే అర్థం. తోటను నాటినవారి పేరును దానిపై శిస్తు తిన్నవారికి కట్టబెట్టడం చరిత్ర కాదు, అన్యాయం.

అదే తగాదా నేడు గుత్తలో, అంటే కాపును ముందుగానే సొమ్ముకు కొనే ఏర్పాటులో, కొనసాగుతోంది. బంగినపల్లి ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు వెనుకబడుతుంది. అటువంటి తోటకు ఎరువు వేసి, తేనెమంచు పురుగుకు మందు కొట్టిన గుత్తదారుకు 2019 సాగుదారుల హక్కుల చట్టం ఇచ్చే రక్షణ యజమాని సమ్మతితో రాసుకొనే 11 నెలల ఒప్పందం మేరకే. నిరుటి పోషణ ఫలం వచ్చే ఏటి కాపులో కనిపిస్తే అది ఎవరిదో ఆ ఒప్పందం తేల్చదు. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెం, విస్సన్నపేట ఊళ్ల గుత్త కాగితాలను ఉపన్యాసకుడు ఇప్పుడు సేకరిస్తున్నది ఇందుకే: కాపుకు కట్టిన సొమ్ముతో పాటు దుక్కి, ఎరువు, మందు ఖర్చు ఎవరు పెట్టారో, గాలివానకు రాలిన కాయ నష్టం ఎవరి మీద పడిందో రాసి ఉన్న ప్రతి కాగితమూ వాటితో కూర్చే సంపుటంలో చేరుతుంది.