ఇప్పసారా చరిత్రకు బోర్డో సాక్ష్యం

మార్లవాయి గోండుల మధ్య బతికి, చివరికి ఆ మట్టినే చేరిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ దంపతుల స్మృతిలో జరిగే ఉపన్యాసానికి ఇప్పసారాకు మించిన విషయం లేదని నా నమ్మకం. ఆదిలాబాద్ అడవిలో పుట్టిన ఈ సారాను ఇన్నేళ్లూ నేరాల పద్దులోనే రాస్తూ వచ్చాం. నిజానికి అది ఒక నేల పంట, ఒక జాతి పనితనం. దాని పరువును నిలిపినా తీసినా ఆ పని చేసేది చెట్టు కన్నా చట్టమే. ఈ మాటకు మొదటి సాక్ష్యం ఫ్రాన్సులో దొరుకుతుంది.

1855లో పారిస్‌లో పెద్ద ప్రదర్శన పెట్టినప్పుడు మూడో నెపోలియన్ చక్రవర్తి అడిగితే, బోర్డో దళారులు అక్కడి ఎర్ర వైన్లకు తరగతులు కట్టారు. వాళ్లు చూసింది ప్రధానంగా బజారు ధర. మొదటి తరగతి నాలుగు తోటలకే దక్కింది. పోయాక్ ఊరి మూతోన్ తోటను నథానియెల్ రోత్‌షీల్డ్ 1853లోనే కొన్నా, అది రెండో తరగతి దగ్గరే ఆగిపోయింది. అప్పట్లో తోటల నుంచి వైన్ పీపాల్లో బోర్డో వర్తకుల గోదాములకు వెళ్లేది, సీసాలకు ఎత్తే పని ఎక్కువగా అక్కడే జరిగేది. 1924లో ఆ వంశపు యువకుడు ఫిలిప్, పంటంతా తోటలోనే సీసాలకు ఎత్తించాలని నిర్ణయించాడు. సరుకు మీద అజమాయిషీ పండించినవాడి చేతికి వచ్చింది. 1973లో మూతోన్ మొదటి తరగతికి ఎక్కింది. ధనవంతుడి తోటకూ గోండు పొయ్యికీ పోలికేమిటని అడగవచ్చు, న్యాయమైన ప్రశ్నే. అందుకే మూతోన్ కన్నా 1907 నాటి దక్షిణ ఫ్రాన్సు మనకు దగ్గర. నకిలీ వైన్ల వల్ల, పడిపోయిన ధరల వల్ల చితికిన చిన్న రైతులు లక్షల్లో రోడ్డెక్కారు. నార్బన్‌లో సైన్యం కాల్పులు జరిపింది, మనుషులు చనిపోయారు. రైతుబిడ్డలే ఎక్కువగా ఉన్న ఒక రెజిమెంటు ఎదురుతిరిగింది. ఆ ఏడే వైన్‌లో నీళ్లు, చక్కెర కలపడాన్ని అరికట్టే చట్టం వచ్చింది. 1935 నాటికి, ఫలానా ఊరి పేరు ఆ ఊరి పంటకే చెల్లుతుందన్న ఏర్పాటు స్థిరపడింది.

ఇప్పుడు మన చెట్టు దగ్గరికి వద్దాం. ఎండలు ముదిరే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాత్రంతా విచ్చి తెల్లవారుజామున రాలతాయి. పాలమీగడ రంగు, కండ గల రేకులు, నిండా తీపి. చెట్టు కింద ఆకులు ఊడ్చో కాల్చో నేల శుభ్రం చేసుకుని ఆడవాళ్లూ పిల్లలూ గంపలకెత్తుతారు. ఏ చెట్టు పూలు ఏ ఇంటివారు ఏరుకోవాలో ఊరికి తెలుసు. ఎండితే కిస్మిస్‌లా ముదురు రంగుకు తిరుగుతాయి. వాటిని కుండలో నానబెట్టి పులవనిచ్చి, పొయ్యి మీద కాచి, ఆవిరిని చల్లార్చి బొట్టుబొట్టుగా పడతారు. పెళ్లికీ చావుకూ, గోండుల పెద్ద దేవుడు పెర్సపేన్ కొలుపుకూ ముందు నేలమీద వదిలేది ఆ చుక్కలే. చెట్టు, రుతువు, చేతిపనితనం, ఊరి కట్టుబాటు, వీటిలో బోర్డోకు ఉండి ఇక్కడ లేనిది ఏదీ లేదు.

లేనిదల్లా చట్టం అండ. 1892లో బొంబాయి ప్రభుత్వం ఏకంగా ఇప్పపువ్వు మీదే చట్టం తెచ్చి, పువ్వు దాచుకోవడానికి కూడా ఆంక్షలు పెట్టింది. నిజాం రాజ్యంలో ఆబ్కారీ ఖజానాకు పెద్ద ఆదరువు. సారా కాచే, అమ్మే హక్కు గుత్తేదారుల పాలై, ఇంటి కోసం కాచుకున్నవాడు దొంగ అయ్యాడు. 1940లో జోడేఘాట్‌లో గోండు తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీము నేలకొరిగిన తర్వాతే గోండుల కష్టాలు తెలుసుకోమని నిజాం సర్కారు హైమెన్‌డార్ఫ్‌ను పంపిందన్నది మరువరాదు. దొంగచాటుగా కాచేవాడు నాణ్యత చూడడు, తొందర చూస్తాడు. అదే గోదావరికి ఈవల, కరీంనగర్ పల్లెల్లో కల్లుకు గీత కార్మికుల సహకార సంఘాలు ఏర్పడ్డాయి, గీసేవాడికి లైసెన్సు దక్కింది. రెండూ మత్తు పానీయాలే. ఒకటి వృత్తి అయింది, రెండోది నేరమైంది.

సారా సంసారాలను కూల్చిందని ఆడవాళ్లు చెప్పే మాటను నేను తేలిగ్గా తీసుకోను. దూబగుంట ఊరి ఆడవాళ్ల నుంచి లేచిన పోరాటమే 1993లో సారా నిషేధం తెచ్చింది. అయితే వాళ్లు తిరగబడింది గుత్తేదారు సారా మీద, ఊరూరా దింపిన ప్యాకెట్ల మీద. బెల్లం పులియబెట్టి కాచే గుడుంబానూ ఇప్పసారానూ ఒకే గాటన కట్టడం కూడా పొరపాటే. ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటి ఉంది. పేరు వస్తే వ్యాపారులు వస్తారు, ఆదివాసీకి మళ్లీ కూలే మిగులుతుంది. ఈ భయం నిజమైనదే, కానీ దానికి అడ్డుకట్ట వేసే దారి చట్టంలోనే ఉంది. ఆదివాసీ ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 పెసా చట్టం మత్తు పానీయాలను నియంత్రించే, నిషేధించే అధికారాన్నీ, చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యాన్నీ గ్రామసభకు ఇవ్వాలంది. మధ్యప్రదేశ్ ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించి, తయారీని ఆదివాసీ స్వయం సహాయక బృందాలకు అప్పగించింది. మన దగ్గర కూడా ఆ దారి పట్టే రోజు వస్తే, బట్టి ఎక్కడ పెట్టాలి, ఎంత కాచాలి, అసలు వద్దా అన్నది గ్రామసభ, అందులోనూ ఆడవాళ్లు తేల్చాలి. ఆదిలాబాద్ ఇప్పసారా అన్న పేరు ఏ కంపెనీకీ అమ్ముడుపోరాదన్నది మొట్టమొదటి నిబంధనగా రాసుకోవాలి.