పదిసార్లు పారేసిన 0.9



లెక్కల గురించి మాట్లాడతానంటే ఇంతమంది వస్తారనుకోలేదు. తొమ్మిదో తరగతిలో మా మాస్టారు రోజూ "ఎక్స్ విలువ కనుక్కో" అనేవారు. ఆ ఎక్స్ దొరికితే మాకేమొస్తుందో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. నాకది చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, ఉద్యోగం కోసం ఒక యూనివర్సిటీ నోటిఫికేషన్ చదువుతుంటే. నా సబ్జెక్టులో ఆరు పోస్టులు, ఎస్సీలకు సున్నా. 15 శాతం రిజర్వేషన్ ఉండగా సున్నా ఎలా వచ్చింది?

బోర్డు మీద వేస్తాను, చూడండి. ఒక విభాగంలో పోస్టుల సంఖ్య ఎక్స్ అనుకుందాం. ఎస్సీలకు కనీసం ఒక పోస్టు రావాలంటే 0.15 ఎక్స్ విలువ 1కి తగ్గకూడదు. 1ని 0.15తో భాగిస్తే 6.67. పోస్టును ముక్కలు చేయలేం కాబట్టి 7. ఓబీసీల 27 శాతానికి ఇదే లెక్క వేస్తే 3.7, అంటే 4వ పోస్టు. ఎస్టీల 7.5 శాతానికి 13.33, అంటే 14వ పోస్టు. దీని పేరేమో 13 పాయింట్ల రోస్టర్! ఎస్టీ అభ్యర్థి వంతు ఆ పేరు దాటాకే వస్తుంది.

ఇప్పుడు పది విభాగాలున్న యూనివర్సిటీని ఊహించుకోండి. ఒక్కో విభాగంలో ఆరు పోస్టులు, మొత్తం 60. యూనివర్సిటీని ఒకే యూనిట్‌గా తీసుకుంటే ఎస్సీలకు 9, ఎస్టీలకు 4, ఓబీసీలకు 16. విభాగాన్ని యూనిట్‌గా తీసుకుంటే ఓబీసీలకు విభాగానికొకటి చొప్పున 10. ఎస్సీలకు సున్నా, ఎస్టీలకు సున్నా. శాతం మారలేదు, చట్టం మారలేదు. మరి ఆ తొమ్మిది పోస్టులు ఎటు పోయాయి? ప్రతి విభాగంలో మన వాటా 0.9. ఒకటి కాలేదు కాబట్టి దాన్ని వదిలేశారు. అలా పదిసార్లు వదిలేస్తే తొమ్మిది ఉద్యోగాలు. ఆరుగురిలో ఎవరో ఒకరు రిటైరైతే గానీ ఏడో పాయింటు రాదు. అది ఇరవై ఏళ్లో, ముప్పై ఏళ్లో!

ఇది నేను బోర్డు మీద అల్లిన కథ కాదు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం నియామకాల కేసులో 2017లో అలహాబాద్ హైకోర్టు విభాగమే యూనిట్ అంది. 2018 మార్చి 5న యూజీసీ దాన్ని అమలు చేయమంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రం అప్పీలు కొట్టేసింది. సరిగ్గా ఏడాదికి, మార్చి 5న, భారత్ బంద్. రెండు రోజులకే ఆర్డినెన్సు, జూలైలో చట్టం వచ్చి మళ్లీ సంస్థే యూనిట్ అయింది. ఆ రోజు వీధుల్లోకి వచ్చినవాళ్లు అడిగింది ఈ చిన్న భాగహారం గురించే.

ఇక సంభావ్యత. "మా దగ్గర ఎస్సీలు లేకపోవడం యాదృచ్ఛికం" అంటారు. సరే, పరీక్షిద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఎస్సీలు 16.6 శాతం. లాటరీ తీసినట్టు ఒకరిని ఎంచితే ఆ వ్యక్తి ఎస్సీ కాకపోయే అవకాశం 0.834. పదిమందిలో ఒక్కరూ లేకపోవాలంటే 0.834ను పదిసార్లు హెచ్చవేయాలి. సుమారు 0.16 వస్తుంది. వందకు పదహారు సార్లు జరగొచ్చు కాబట్టి పదిమంది కమిటీని చూసి గొంతు చించుకోకండి, ఓడిపోతారు. ముప్పైమందిలో ఒక్కరూ లేకపోతే? 0.004. వెయ్యికి నాలుగు సార్లు. అప్పుడు యాదృచ్ఛికం అనే మాట నిలబడదు.

అయితే ఒక హెచ్చరిక. నియామకం లాటరీ కాదు. ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎంతమందిని ఇంటర్వ్యూకి పిలిచారు, ఎంతమందిని "తగినవారు దొరకలేదు" అని పంపేశారు, ఇవన్నీ కావాలి. 0.004 నేరాన్ని రుజువు చేయదు, ప్రశ్నను మాత్రం గట్టిగా నిలబెడుతుంది. మన మిత్రులు కొందరు ఇక్కడే తొందరపడతారు.

సగటు విషయంలోనూ జాగ్రత్త. వంద పోస్టుల్లో 15 మంది ఎస్సీలున్నారంటే బాగుందనిపిస్తుంది. అందులో 14 మంది అసిస్టెంట్ ప్రొఫెసర్లు, ఒకరు అసోసియేట్, ప్రొఫెసర్ ఒక్కరూ లేరనుకోండి, ఆ 15 శాతం నిజమే చెప్తూ అసలు సంగతి దాచేస్తుంది. అందుకే ఏ పట్టిక ఇచ్చినా క్యాడర్ వారీగా అడగండి. బాబాసాహెబ్ 1923లో ప్రచురించిన రూపాయి సమస్య తిరగేయండి, ఎన్ని పట్టికలో! ఆయన విగ్రహం చేతిలోని పుస్తకం మనకు గుర్తుంటుంది గానీ ఈ పుస్తకం గుర్తుకురాదు.

వచ్చే వారం ఇక్కడే కలుద్దాం. సమాచార హక్కు చట్టం కింద మీ విభాగం రోస్టర్ రిజిస్టర్ కాపీకి ఈలోగా దరఖాస్తు పెట్టండి. జవాబుకు ముప్పై రోజుల గడువుంటుంది కాబట్టి అప్పటికి రాకపోవచ్చు. మీ విభాగంలో క్యాడర్ వారీగా మొత్తం పోస్టులెన్నో మాత్రం రాసుకురండి. 0.15తో, 0.075తో, 0.27తో హెచ్చవేద్దాం. దశాంశం తర్వాత మిగిలినదాన్ని ఎవరూ కొట్టేయొద్దు, వేరే కాగితం మీద రాసి పెట్టండి. అన్ని విభాగాలవీ కలిపి కూడుదాం.