బియ్యంతో మొదలైన స్నేహం



ఇండోనేషియాతో మన దేశానికున్న దౌత్యసంబంధాల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. 1946లో మనకు తిండిగింజల కరువొచ్చింది. తామే డచ్చివారితో పోరాటంలో ఉండి కూడా, ఆ దేశ ప్రధాని షహ్రీర్ ఐదు లక్షల టన్నుల బియ్యం ఇస్తామన్నారు. బదులుగా బట్టలూ అవీ అడిగారు. మనవాళ్లు అది మరవలేదు. 1947లో బిజూ పట్నాయక్ స్వయంగా విమానం నడుపుకుంటూ పోయి షహ్రీర్‌ను తీసుకొచ్చారు. 1949 జనవరిలో నెహ్రూ ఢిల్లీలో పలు దేశాల సమావేశం పెట్టి ఆ దేశం పక్షాన నిలిచారు. 1950లో మన తొలి గణతంత్ర దినోత్సవానికి సుకర్ణో అతిథి.

అంత స్నేహమూ 1965లో చెడింది. యుద్ధంలో వాళ్లు పాకిస్తాన్ వైపు నిలిచారు. జకార్తాలో మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. అయినా 1974లో నికోబార్, సుమత్రాల నడుమ సముద్రగర్భపు హద్దు మాటలతోనే తేల్చుకున్నారు.

ఇరుగుపొరుగన్నాక మాటా మాటా వస్తుంది. పలకరింపు మానకపోతే చాలునండి.