ఫోనులో వేలంపాట

(చదువుల కేంద్రంలో ఒక పొదుపు సంఘం సభ్యురాలు చేసిన ప్రసంగం)



వేలంపాట మనకు కొత్త కాదు. చెరువులో చేపలకు పాట పెడతారు. వినాయకుడి లడ్డుకు పాట పెడతారు. హైదరాబాదు దగ్గర బాలాపూర్ లడ్డు 1994లో 450 రూపాయలు పలికింది. 2024లో 30 లక్షలు దాటింది. ఇక చిట్టీ పాట సంగతి మీకు నేను చెప్పాలా?

ఆ పాటలు పదిమందిలో జరుగుతాయి. ఎవరు పాడారో అందరికీ తెలుస్తుంది. ఇప్పుడు పాట ఫోనులోకి వచ్చింది. వస్తువు బొమ్మ, గడువు కనిపిస్తాయి. అంకె వేసి నొక్కితే పాట పాడినట్టే. గడువు అయ్యేసరికి ఎవరి పాట ఎక్కువైతే వస్తువు వాళ్లది. నోరు తెరవనక్కరలేదు. అందుకే పిల్లలకు అది ఆటలా ఉంటుంది.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా వాడికి పన్నెండేళ్లు. ఒక రాత్రి అన్నం ముట్టలేదు. ఏంట్రా అంటే ఏడుపు. నా ఫోనులో పాత కెమెరాకు పాట పాడాడట. 1,500 వేయబోతే సున్నా ఎక్కువ పడి 15,000 అయిందట.

నాకు కాళ్లు చేతులు ఆడలేదు. సంఘం అప్పు వాయిదా డబ్బు నా ఖాతాలోనే ఉంది. కొట్టబోయి చెయ్యి దించాను. ఇవాళ కొడితే రేపు ఇంకో తప్పు చేసి దాస్తాడు. దాస్తే గడువు దాటిపోతుంది.

"ఎప్పుడు నొక్కావు?" అన్నాను.

"అరగంట అయిందమ్మా."

"గడువు ఎప్పటిదాకా?"

"రేపు రాత్రి దాకా."

అయితే ఇంకా మునిగిపోలేదు అనుకున్నాను. ఇద్దరం కూర్చున్నాం. నియమాలు ఇంగ్లీషులో ఉన్నాయి. వాడు చదివి అర్థం చెప్పాడు. నేను నోటుబుక్కులో రాసుకున్నాను. అంకె పొరపాటున పడితే వెనక్కి తీసుకోవచ్చని ఉంది. కారణం రాసి పంపాం. పాట రద్దయింది. అప్పుడు ఇద్దరం అన్నం తిన్నాం.

ఆ రాత్రీ ఆ తర్వాతా తెలుసుకున్నవి మీకూ చెబుతాను.

ఒకటి. ఆలస్యం చేయకూడదు. మన దేశంలో సరుకుల అమ్మకం చట్టం ఉంది. దాని ప్రకారం పాట ఖాయమయ్యేదాకా వెనక్కి తీసుకోవచ్చు. కాని ఒక్కో సంస్థ తన షరతులు పెడుతుంది. ఈబే అనే సంస్థ 1995లో అమెరికాలో మొదలైంది. అంకె తప్పు పడితే రద్దుకు అది ఒప్పుకుంటుంది. మనసు మారిందంటే ఒప్పుకోదు. చివరి 12 గంటల్లో పాడితే, పాడిన గంటలోపే రద్దు చేసుకోవాలి.

రెండు. గడువు దాటి వస్తువు మన పేర పడితే ఊరుకోకూడదు. అమ్మేవాళ్లకు వెంటనే జరిగింది జరిగినట్టు రాయాలి. రద్దు చేయమని అడగాలి. వస్తువు పంపకముందే అడగడం మంచిది. 18 ఏళ్లు నిండని పిల్లలు చేసుకున్న ఒప్పందం మన చట్టం ముందు చెల్లదు. ఆ మాటా రాయండి. అయితే ఖాతా మన పేరున ఉంటే సంస్థ మననే అడుగుతుంది. పెద్దలు చేసినదాన్ని పిల్లల మీదికి నెట్టకూడదు.

మూడు. "రద్దు చేస్తాం, ఓటీపీ చెప్పండి" అని ఎవరైనా ఫోను చేస్తే చెప్పకండి. మనకు డబ్బు రావడానికి పిన్ను కొట్టనక్కరలేదు. మోసంలో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి. కొన్నదాని మీద తగాదా వస్తే 1915కి చేయండి.

నాలుగు. ఫోనుకు తాళం పెట్టండి. పిన్ను పిల్లలకు చెప్పకండి. కార్డు నంబరు కొనుగోలు ఖాతాలో దాచి ఉంచకండి.

ఇవన్నీ ఒక ఎత్తు. తప్పు జరిగితే ఇంట్లో చెప్పుకునే ధైర్యం పిల్లలకు ఉండటం ఒక ఎత్తు. మా వాడు ఆ రాత్రి చెప్పాడు కాబట్టి మా వాయిదా డబ్బు మిగిలింది.

ఇప్పుడు మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. ఫోనులో ఏ అంకె వేసినా నొక్కేముందు నాకు చూపించాలి. ఒకట్లు, పదులు, వందలు, వేలు అని సున్నాలు లెక్కపెట్టేది నేనే. ఆ లెక్క నేను ఈ కేంద్రంలోనే నేర్చుకున్నాను.

సెలవు.