బొమ్మలోని గుండె, రొమ్ములోని గుండె
(ప్లాటినోత్సవ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)



ఈ 75 ఏళ్ళలో మన పాఠశాల నల్లబల్లలపై గుండె బొమ్మను ఎన్నిసార్లు గీశామో లెక్కలేదు. జీవశాస్త్రం బోధించిన నేను దానిని చూడకుండానే గీయగలను. అయినా మా అమ్మగారి గుండె చెప్పిన మాట నాకు వినబడలేదు.

కొన్నేళ్ళ క్రితం ఆమెకు తరచు కళ్ళు తిరిగేవి. నీరసమనుకొని మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టేదానను. ఒకనాడు వంటింట్లో స్పృహ తప్పి పడిపోయారు. చూడవచ్చిన నా పూర్వ విద్యార్థిని ఒక నర్సు. నిండు నిమిషం నాడి లెక్కించి, "టీచరుగారూ, 36 మాత్రమే ఉందండీ" అన్నది. విశ్రాంతిగా ఉన్న పెద్దలకు సాధారణంగా 60 నుంచి 100 వరకు ఉంటుంది. పాఠం చెప్పినది నేను. దానిని ఆచరించినది ఆమె.

కుడి కర్ణికలోని లయారంభకం విద్యుత్ ప్రేరణను పుట్టిస్తుంది. అది కర్ణికా జఠరికా కణుపు మీదుగా జఠరికలకు చేరి వాటిని సంకోచింపజేస్తుంది. ఈ దారి దెబ్బతిన్నప్పుడు కృత్రిమ పేస్‌మేకర్ అవసరమవుతుంది. శరీరంలో అమర్చే తొలి పేస్‌మేకర్‌ను 1958 అక్టోబరు 8న స్టాక్‌హోమ్‌లో ఆర్నె లార్సన్ అనే రోగికి అమర్చారు. అది కొద్ది గంటలే పనిచేసింది. అయినా తరువాత మార్చిన పరికరాల బలంతో ఆయన 2001 వరకు జీవించారు. మన పొరుగున కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల వెలసినదీ ఆ 1958లోనే.

సాధారణ పేస్‌మేకర్‌ను భుజం క్రింద చర్మం లోపల ఉంచి, తీగలను సిర గుండా గుండెకు పంపుతారు. తీగలు లేనిది 2016లో అమెరికాలో ఆమోదం పొందింది. దాని పొడవు సుమారు 26 మిల్లీమీటర్లు, బరువు సుమారు 2 గ్రాములు. మా అమ్మగారి కర్ణికల లయ శాశ్వతంగా తప్పి ఉండడం, చర్మం బాగా పలచబడి ఉండడం గమనించి వైద్యులు దీనినే ఎంచుకొన్నారు.

తొడ మూలంలోని సిర నుంచి పర మహాసిర, కుడి కర్ణిక, అగ్రత్రయ కవాటం దాటి కుడి జఠరికకు చేరడం దాని ప్రయాణం. అపాయం ఆ చివరి అడుగులోనే ఉన్నది. కుడి జఠరిక బయటి గోడ మందం సాధారణంగా 3 నుంచి 5 మిల్లీమీటర్లే. అక్కడ గ్రుచ్చుకొంటే రంధ్రం పడి, రక్తం హృదయావరణంలో చేరి గుండెను నొక్కివేయవచ్చు. అందుకే రెండు జఠరికల నడుమనున్న మందమైన విభాజక కుడ్యాన్ని ఎన్నుకొంటారు.

మన బొమ్మలో గుండె చదునుగా, నిటారుగా కనిపిస్తుంది. రొమ్ములోనిది ఏటవాలుగా ఒరిగి ఉంటుంది. కుడి జఠరిక ముందుకు చుట్టుకొని ఉంటుంది. కనుక వైద్యులు ఎక్స్‌రే తెరపై రెండు ఏటవాలు కోణాలలో చూస్తారు. ఒకటి పరికరం గుండె కొనకు ఎంత చేరువలో ఉన్నదో తెలుపుతుంది. రెండవది అది విభాజక కుడ్యం వైపు ఉన్నదా, బయటి గోడ వైపు ఉన్నదా తెలుపుతుంది. రంగు ద్రవం పంపి హద్దులు సరిచూస్తారు. పరికరానికున్న నాలుగు కొక్కేలలో కనీసం రెండయినా కండరాన్ని పట్టుకొన్నవో లేదో మెల్లగా లాగి పరీక్షిస్తారు. విద్యుత్ కొలతలు సరిపోయిన తరువాతనే బంధనపు దారాన్ని తొలగిస్తారు. గౌతమిలో పడవ నడిపేవాడు అడుగు నేలను ఎరిగి గాని లంగరు వేయడు గదా!

ఈ సాధనం అందరికీ తగినది కాదు. అది వైద్యుల నిర్ణయం. క్రీడాకారుల నాడి సహజంగానే నెమ్మదిగా ఉండవచ్చు. కాని ఇంట్లో పెద్దలకు కళ్ళు తిరిగినా, స్పృహ తప్పినా నీరసమని సరిపెట్టుకోకండి. నాడి లెక్కించండి, ఆలస్యం చేయక వైద్యుని చూపించండి.

మా అమ్మగారు మళ్ళీ వంటింట్లో నిలబడ్డారు. వచ్చే ఏటి నుంచి గుండె పాఠం చెప్పే రోజున ప్రతి విద్యార్థి ఇంటికి వెళ్ళి తాత నాడినో, అమ్మమ్మ నాడినో లెక్కించి వ్రాసుకొని రావాలన్నది నా కోరిక. తల్లిదండ్రులు సహకరింతురుగాక. సెలవు.