డబ్బా ఇచ్చాం, తాగారా?
(వార్షిక సమావేశంలో వైద్య సహాయ విభాగం తరఫున చేసిన ప్రసంగం)

 

పోయిన రంజాన్‌లో రేషన్ కిట్లతో పాటు, బక్కచిక్కిన వృద్ధులకు ప్రోటీన్ పొడి డబ్బాలు కూడా పంచాం. ఫోటోలు దిగాం, లెక్కలు రాశాం. రెండు నెలల తర్వాత ఇళ్లకు వెళితే ఒక నానీమా గూట్లోంచి ఖాళీ డబ్బా తీసి చూపించింది. "మనవడు స్కూలుకు పోతాడు బేటా, వాడికి కలిపిచ్చా. ముసలిదాన్ని, నాకెందుకు?" అంది. ఆమె గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. తప్పు ఆమెది కాదు. పిల్లలు కూడా అర్ధాకలితో ఉన్న ఇంట్లో ఒక్కరి కోసం డబ్బా పెట్టి వచ్చింది మేమే.

ముసలితనంలో చిక్కిపోవడం మామూలే అనుకుంటాం. కండ కరిగితే లేవలేరు, పడిపోతారు, పుండ్లు త్వరగా మానవు. జబ్బుతో, తిండి చాలక నీరసించిన పెద్దలకు శరీర బరువులో కిలోకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలంటారు వైద్యులు. 40 కిలోల మనిషికి 48 నుంచి 60 గ్రాములన్నమాట. గుడ్డులో ఉండేది 6 గ్రాములే. చారన్నంతో ఎక్కడ సరిపోతుంది? పోషక పానీయం ఇస్తే దాని నుంచే రోజుకు కనీసం 400 క్యాలరీలు, 30 గ్రాముల ప్రోటీన్ అందాలి, అదీ నెలకు తక్కువ కాకుండా. నీళ్లలో చెంచాడు పొడి కలిపితే ఆ లెక్క తేలదు. అన్నానికి బదులుగా కాదు, రెండు పూటల మధ్య తాగించాలి. షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవారికి డాక్టర్‌ను అడగకుండా ఏ డబ్బా ఇవ్వం.

పళ్లు లేక తిననివారు, ఒంటరిగా తినబుద్ధి కానివారు కూడా ఉన్నారు. వారికి పొడి కన్నా మెత్తటి ఖిచిడీ, పక్కన కూర్చునే మనిషి ముఖ్యం. గోధుమ, పప్పు, మాంసం మెత్తగా ఉడికిన హలీం రంజాన్‌లోనే ఎందుకు గుర్తొస్తుందో మాకు అర్థం కాదు!

ఉపవాసం ఉండలేని వృద్ధులకు షరీఅత్ ఫిద్యా వెసులుబాటు ఇచ్చింది. అయినా ఒక్క రోజా వదలమనే పెద్దలున్నారు. వారికి నచ్చజెప్పడం ఇమాం సాహెబ్‌ల వల్లే అవుతుంది.

ఈ ఏడు ఇంటిల్లిపాదికీ గుడ్లు, పప్పు ఇస్తున్నాం. పెద్దవారి పొడి వేరు. వారానికోసారి వెళ్లి, తూకం చూసి, ఎదురుగా కూర్చుని తాగించాలి. అందుకే చందా కన్నా ముందు మీ దగ్గర వారానికి ఒక గంట అడుగుతున్నాం. పేర్లు కార్యదర్శి గారి దగ్గర రాయించండి.